పోచింకిలో పంచాయితీ

ఆటలో ఓడిపోతే నాకేం కాదు. మొహం కడుక్కుని పడుకుంటాను. వాదనలో ఓడిపోతేనే ఆ రాత్రి నిద్ర పట్టదు. అప్పుడు ఈ మాట అనాల్సింది, ఆ మాట అనాల్సింది అని చీకట్లో పెదవులు కదుపుతూ అటూ ఇటూ దొర్లుతుంటాను. పక్కన మా ఇంటామె కళ్లు తెరవకుండానే, "ఎవరితోనయ్యా?" అంటుంది. "ఎవరితో లేదు" అంటాను. "మరి ఇప్పుడన్న గెల్చినవా?" అని అటు తిరిగి పడుకుంటుంది.

మీకూ ఇట్లాంటి రాత్రులు ఉండే ఉంటాయి కనుక దాపరికం లేకుండా చెబుతున్నాను. నాకు యాభై దాటాయి. నల్లగొండలో ప్రభుత్వ నౌకరి. ఆఫీసులో నలుగురు సార్ అంటారు. అట్లాంటి నేను రాత్రి భోజనం కాగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, విమానంలో నుంచి ప్యారాచూట్ మీద ఒక దీవిలోకి దూకుతాను. ఆట పేరు బీజీఎంఐ. మీ ఇంట్లో పిల్లలుంటే దాని పాత పేరు పబ్జీ అని చెప్పి చూడండి, మిగతాది వాళ్లే చెబుతారు. వందమంది దిగుతారు, ఒకరినొకరు కాల్చుకుంటారు, ఆఖరికి మిగిలినవాళ్లకు "చికెన్ డిన్నర్" అని తెరమీద వస్తుంది. నిజం చికెన్ ఏమీ రాదు. ఆ సంగతి మా ఇంటామె మొదటిరోజే అడిగి తెలుసుకుంది.

జట్టుకు నలుగురు. ఆ జట్టు అసలు మావాడిది. వాడు హైదరాబాదులో ఇంజనీరింగులో చేరిన కొత్తలో పరీక్షలొస్తే ఒక జాగా ఖాళీ అయ్యేది. "డాడీ, నువ్వు ఊకె నిలబడు చాలు, ఏం చెయ్యకు" అని నన్ను అందులో నిలబెట్టాడు. పరీక్షలు అయిపోయాయి, చదువూ అయిపోయింది, వాడు నౌకరిలో కూడా చేరాడు. నేను మాత్రం జాగా ఖాళీ చేయలేదు. ఇప్పటికీ వాడు సెలవుకు ఇంటికొచ్చిన రోజు పోరగాళ్లు, "అంకుల్, ఇయ్యాల మీరు రెస్టు తీస్కోన్రి" అంటారు. ఎంత మర్యాదగా అంటారంటే కోపం తెచ్చుకోవడానికి కూడా సందు ఉండదు.

మిగతా ముగ్గురిలో ఒకడు మిర్యాలగూడ పోరడు. వాళ్ల నాయిన రైసుమిల్లులో లెక్కలు చూస్తాడు. వాడు మైకు తెరిస్తే ముందు మిల్లు మాట్లాడుతుంది, ఆ తర్వాత వాడు. రెండోవాడిది జడ్చర్ల, పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. మూడోవాడిది అచ్చంపేట, నల్లమల అంచు. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కుతాడు. వాన పడిందంటే ఆ రాత్రి మేము ముగ్గురమే.

ఆడేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. విమానం ఎక్కింది మొదలు ఎక్కడ దూకాలనే పంచాయితీ. ఆ దీవి పేరు ఎరాంగెల్. ఒక కొస నుంచి ఇంకో కొసకు ఎనిమిది కిలోమీటర్లు, అంటే నేను క్లాక్ టవర్ సెంటర్ నుంచి పానగల్లు గుడికి పోయి తిరిగి వచ్చేంత. నడుమ పోచింకి అని ఒక ఊరుంది. తుపాకులు, సంచులు, మందులు అన్నీ దండిగా దొరుకుతాయి కనుక అందరూ అక్కడే దిగుతారు. దిగినవాళ్లలో సగంమంది అక్కడే పోతారు. మిర్యాలగూడ పోరడికి పోచింకి తప్ప వేరే ఊరు ఆనదు. జడ్చర్ల పోరడు ఊరి బయట దిగి నిమ్మళంగా పోదామంటాడు. నేను ఇద్దరి వాదనా పూర్తిగా విని, వయసులో పెద్దవాణ్ని కనుక, ఏ పక్షానికీ నొప్పి కలగకుండా తీర్పు చెప్పబోయేసరికి విమానం సముద్రం మీదికి వచ్చేస్తుంది.

ఒకరోజు, "రేపు తప్పకుండ పోచింకిలనే దిగుదాం" అని నేను మాట ఇస్తుంటే వంటింట్లో నుంచి మా ఇంటామె, "పోచంపల్లి పోతున్నవా? నాకొక చీర తే" అంది. ఆ మాట ఎక్కడికి పోయి తేలిందో తర్వాత చెబుతాను.

ఆ దీవికి పేరెట్లా వచ్చిందో ఎక్కడో చదివాను. ఆట తయారుచేసిన బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండు ఆయన తన బిడ్డ ఎరిన్ పేరు కలిపి పెట్టుకున్నాడట. నాకు మనసు కరిగింది. తండ్రి ప్రేమంటే ఇదీ అని మా చిన్నదానికి చెప్పాను. అది ఇంటర్ ఎంపీసీ. పుస్తకంలో నుంచి తల ఎత్తకుండా, "మరి నా పేరుమీద నువ్వేం పెట్టినవ్ డాడీ?" అంది. "నీ పేరుమీద పోస్టాఫీసుల సుకన్య సమృద్ధి ఖాతా ఉంది గద బిడ్డా" అన్నాను. "అది అమ్మ పెట్టింది" అంది.

మా జట్టులో అన్నిటికన్నా పెద్ద తగాదా దాక్కునుడు మీద. పోరగాళ్లు దాన్ని క్యాంపింగ్ అంటారు. నా పద్ధతి ఏమిటంటే, దిగగానే ఒక ఇల్లు చూసుకుని, బాత్రూంలో దూరి, తలుపేసుకుని, బోర్లా పడుకోవడం. వందమందిలో తొంభై మంది కొట్టుకుని చచ్చేదాకా అక్కడే ఉంటాను. ఒక్క తూటా పేల్చకుండా చివరి పదిమందిలో ఎన్నోసార్లు నిలిచాను. ఇది పిరికితనమని వాళ్ల వాదన, వ్యూహమని నాది. ఒకరాత్రి నాకు పట్టుదల వచ్చి చరిత్ర తీశాను. 1946 నుంచి 51 దాకా మన నల్లగొండ గడ్డమీద సాయుధ పోరాటం జరిగింది, దళాలు ఎదురుగా నిలబడి కొట్లాడలేదు, గుట్టల్లో, అడవుల్లో దాగి దెబ్బతీశాయి, దాన్ని గెరిల్లా యుద్ధమంటారు బిడ్డా అని గొంతు సవరించుకుని చెప్పాను. అవతల కాసేపు సప్పుడు లేదు. మాట తగిలిందనుకున్నాను. అప్పుడు మిర్యాలగూడ పోరడు నిదానంగా అడిగాడు: "వాళ్లు బాత్రూంల దాక్కున్నరా అంకుల్?"

నేను జవాబు వెతుక్కుంటున్నాను. మైకు తెరిచే ఉంది. మా ఇంటామె అటుగా పోతూ, "దాక్కునుడు ఆయనకు కొత్తనా? ఇంటికి సుట్టాలొస్తే గదిలకెంచి బయటికి రాడు" అంది. మిల్లు చప్పుడును మించి నవ్వారు ముగ్గురూ. ఆ రాత్రి నుంచి మా జట్టులో ఏ తగాదా వచ్చినా "ఆంటీని అడుగుదాం" అనడం మొదలైంది. ఆమె ఆట ఆడదు, తెర వైపు కూడా చూడదు. ఎవరు ఎవరికి మందు ఇయ్యలేదు, ఎవరు ఎవరిని వదిలి ఉరికారు, ఇవి చెబితే చాలు. పప్పులో పోపు వేస్తూ తీర్పు చెబుతుంది. అప్పీలు లేదు.

ఆటలో ఒక పెంక ఉంది. అవును, రొట్టెలు కాల్చుకునే పెంకే. దాంతో నెత్తిమీద కొట్టొచ్చు. నడుముకు వెనక తగిలించుకుంటే వెనక నుంచి వచ్చే తూటా దానికి తగిలి టంగుమని ఆగిపోతుంది. ఇంకే కవచమైనా దెబ్బలు తిని తిని అరుగుతుంది, పెంక మాత్రం అరగదు. ఈ విడ్డూరం మా ఇంటామెకు చెబుదామని పోతే ఆమె జొన్నరొట్టె తడుతోంది. చేతి వేళ్ల అచ్చులు పడ్డ రొట్టెను ఎత్తి పెంకమీద వేసి, పైన తడిగుడ్డ అద్దింది. అంతా విని, రొట్టె తిరగేసి, "గా ఆట చేసినోడెవడో గని, సంసారం తెలిసినోడు" అంది. అన్నప్పుడు పెంక వైపు చూసిందా, నా వైపు చూసిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

నా జీవితంలో ఒక వెలుగు వెలిగిన రాత్రి కూడా ఉంది. చేరిన కొత్తలో పది మందికి పైగా శత్రువులను నేనొక్కణ్నే పడగొట్టి చికెన్ డిన్నర్ తెచ్చాను. తెల్లారి ఆఫీసులో చాయ్ నా ఖర్చే. అటెండరు దగ్గర నుంచి ఆడిట్‌కు వచ్చిన ఆయన దాకా అందరికీ చెప్పాను. సాయంత్రం మావాడికి ఫోన్ చేసి ఆ యుద్ధమంతా వర్ణించాను. "వాళ్లు నిలబడి నిలబడి కాల్చిన్రా డాడీ?" అన్నాడు. అవునన్నాను. "తిన్నగ నడుచుకుంట వచ్చిన్రా?" అవునన్నాను. "అవి బాట్లు డాడీ" అన్నాడు. కొత్తవాళ్లు మొదట్లోనే చచ్చి విసిగిపోకుండా ఆటలోకి కంప్యూటరు నడిపే ఉత్తుత్తి మనుషులను దింపుతారట. "మనిషైతే నిన్ను గంతసేపు బత్కనిస్తడా?" అని అడిగాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే. ఆఫీసులో ఈ రెండో సంగతి నేను చెప్పలేదు. ఆడిట్ ఆయన ఇప్పటికీ నన్ను గౌరవంగా చూస్తాడు.

మాట మార్చడంలో కూడా నాకు మంచి చరిత్రే ఉంది. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 చైనా యాప్‌లను నిషేధించింది. అప్పటికి నాకు ఆ ఆట వాసన తెలియదు. మావాడు అన్నం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. దేశం ముందు, ఆట తర్వాత. మీ వయసులో మేము చిర్రగోనె ఆడినం, కచ్చకాయలు ఆడినం, మాకేం తక్కువైంది. ఇదంతా మీ మంచికే. అరగంట సాగింది. కూర చల్లారిపోయింది.

తర్వాతి ఏడాది జూలైలో కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను బీజీఎంఐ అని మన దేశానికి వేరుగా తెచ్చింది. ఆ ఏడాదే నేను మునిగాను. ఇంకో ఏడాదికి, 2022 జూలై 28న, అదీ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. ఫోన్లో అప్పటికే ఉన్నవాళ్లకు కొంతకాలం నడిచింది. నేను ఆ వారమే కొత్త ఫోన్ కొని, పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను. అన్నం ముందు కూర్చున్నాను, ముద్ద దిగలేదు. మావాడు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "దేశం ముందు డాడీ, ఆట తర్వాత" అని మొదలుపెట్టాడు. చిర్రగోనె వచ్చింది, కచ్చకాయలు వచ్చాయి, "మాకేం తక్కువైంది" కూడా వచ్చింది. ఒక్క మాట పోకుండా అప్పజెప్పాడు. ఇంజనీరింగు సబ్జెక్టుల్లో వాడికి అంత జ్ఞాపకశక్తి ఎప్పుడూ కనపడలేదు.

2023 మేలో ఆట తిరిగి వచ్చింది. వచ్చేటప్పుడు ఒక కట్టడి తెచ్చింది: 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, పెద్దవాళ్లకు ఆరు గంటలు. నేను దీన్ని నా హక్కుల పత్రంగా భావించి ఇంట్లో చదివి వినిపించాను. "ఆరు గంటలు ఎవరిచ్చిన్రు?" అంది మా ఇంటామె. కంపెనీ అన్నాను. "కంపెనోళ్లు నన్నడిగిన్రా? మా ఇంట్ల అరగంట. తొమ్మిదిన్నర కెంచి పది" అంది. ఆ అరగంట మీద ఇంతవరకు సవరణ జరగలేదు.

ఆ అరగంట కూడా నిమ్మళంగా నడవదు. అసలైన బాధలు ఇక్కడే ఉన్నాయి. పింగ్ అని ఒకటుంది. మన ఫోను నుంచి కబురు పోయి సర్వరును తాకి తిరిగి రావడానికి పట్టే కాలం అది, సెకనులో వెయ్యో వంతుల లెక్క. అంకె ఆకుపచ్చగా ఉంటే మంచిది. ఎర్రబడిందంటే నువ్వు తుపాకీ ఎత్తుతున్నానని అనుకునేలోపే అవతలివాడి లెక్కలో నువ్వు పోయి ఉంటావు. ఇంత మంచి సాకు నాకు నౌకరిలో కూడా దొరకలేదు. గురి తప్పినా పింగే, మెట్లమీద నుంచి పడినా పింగే, తోటివాణ్ని చూసి శత్రువనుకుని కాల్చినా పింగే. చిన్నది ఈ మాట పట్టుకుంది. వాళ్లమ్మ చెత్తబండి వచ్చిందని మూడుమార్లు పిలిచినా నేను కదలకపోతే, "అమ్మ పిలిస్తే డాడీకి ఎప్పుడూ రెడ్డే" అంటుంది.

ఇంకో బాధ కల్వకుర్తి. అక్కడ మా బావమరిది ఉంటాడు. మంచివాడు. కానీ ఆటలో చివరి వలయం ముడుచుకుంటూ వచ్చి, ఐదారుగురం మిగిలి, నేను గడ్డిలో ఊపిరి బిగబట్టి పాకుతున్న ఘడియలోనే వాడికి నేను గుర్తొస్తాను. తెర నిండా వాడి ఫోటో. పచ్చగుర్తు నొక్కకుండా ఆటలోకి పోయే దారి నాకు తెలియదు. "ఏం బావా, తిన్నవా?" అంటాడు. ఆ లోపల నన్ను ఎవడో తిని ఉంటాడు.

ఈ ఆటను నడుమ ఆపడానికి లేదు. ఈ ఒక్క ముచ్చట మా ఇంటామెకు నేను ఇప్పటిదాకా నచ్చజెప్పలేకపోయాను. "ఒక్క నిమిషం ఆపి గ్యాసు బండ మార్చు" అంటుంది. ఆగదంటాను. "మా నాయిన పులిమేక ఆడుకుంట నడుమల లేచి బోరు బందువెట్టి వచ్చేటోడు. మేకలు ఎక్కడియక్కడనే ఉండేటియి" అంటుంది. ఇది వేరు, అవతల దేశం నిండా మనుషులు ఆడుతున్నారు, ఆగరంటాను. "నీకోసం నిమిషం ఆగనోళ్ల కోసం నన్ను ఆగమంటున్నవా?" అంటుంది. దీనికి జవాబు మీలో ఎవరికైనా దొరికితే నాకు రాయండి. పోస్టుకార్డు అయినా చాలు.

2025 ఆగస్టులో పార్లమెంటు పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను బంద్ చేస్తూ చట్టం చేసింది. మన తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని బంద్ చేసింది. కొత్త చట్టంలోనే ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామని కూడా రాసుంది. పేపరు మడిచి, మెల్లగా, అందరికీ వినపడేటట్టు చదివాను. హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు కూడా ఇచ్చారని కలిపాను. "చట్టం నా దిక్కే ఉంది. నేను పైసా పెట్టి ఆడను" అని ముగించాను.

"మరి గా కోటు?" అంది చిన్నది.

ఆటలో మన బొమ్మకు బట్టలు కొనొచ్చు. వాటితో తూటా ఆగదు, బలం పెరగదు, కేవలం సోకు. పోరగాళ్లందరూ తళతళలాడుతుంటే నేనొక్కణ్నే బనీనుమీద దిగడం నామోషీ అనిపించి, జీతం పడిన రోజు ఒక ఎర్ర కోటు కొన్నాను. ఎంతకో రాయను. మా పెళ్లిరోజుకు సూటు కుట్టించుకోమని మా ఇంటామె ఎంత చెప్పినా డబ్బు దండగ అన్నవాణ్ని. ఆమె ఫోన్ తీసుకుని ఆ కోటును రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. గుండీలు చూసింది. బొమ్మను వెనక్కి తిప్పి కుట్టు చూసింది. "మంచిగుంది. ఉతికే పని లేదు, ఇస్త్రీ లేదు" అంది. నేను గెలిచాననుకున్నాను. "గంతే పైసలు నాకియ్యి" అంది. "అప్పుడు పోచింకిలో తెస్తనన్న చీర."

అక్కడ కూడా నేను వాదించకుండా ఉండలేదు. పోచంపల్లి మా పాత నల్లగొండ జిల్లాది, గద్వాల మీ పాత మహబూబ్‌నగర్ జిల్లాది. దారాన్ని ముందే ముడులేసి రంగుల్లో ముంచి నేసే పోచంపల్లి గొప్పదా, ఒంటికి నూలు, అంచుకు పట్టు అతికే గద్వాల గొప్పదా? నేను మా జిల్లా పక్షాన శానాసేపు మాట్లాడాను. ఆమె అడ్డు చెప్పలేదు, ఓపికగా వింది. "రెండు మంచియే" అంది. రెండూ కొన్నాము.

మొన్న దసరాకు అత్తగారింటికి, కల్వకుర్తి పక్కన పల్లెకు పోయాము. అక్కడ సిగ్నల్ లేదు. చేతులు గుంజుతుంటే పిల్లలతో ఒకే ఫోన్లో నలుగురం లూడో ఆడాము. నాకు ఆరు పడదు. ఎంతసేపు వేసినా పడదు. కంప్యూటరు మోసం చేస్తోంది, మనుషులను చూసి పాచిక వేస్తోంది అని తీర్మానించాను. చిన్నది పేపరు తీసుకుంది. పదిమార్లు వేసినా ఒక్క ఆరు పడకపోయే అవకాశం నూటికి పదహారు ఉందట. నలుగురు ఆడితే, ఎవరో ఒకరికి మొదటి పది పందేల్లో ఆరు పడని గతి పట్టే అవకాశం ఇంచుమించు సగానికి సగమట. "నలుగురిల ఒకరికి పట్టొచ్చు డాడీ, అది నువ్వే ఎందుకైతవో మాత్రం లెక్కల లేదు" అంది.

మా అత్తమ్మ అరుగుమీద కూర్చుని అంతా వింటోంది. "గా డబ్బ పక్కకువెట్టి ఇటు రా అల్లుడా" అని సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసింది. అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు. చెంగుముడి విప్పి నాలుగు చింతగింజల బద్దలు తీసింది. ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. నాలుగూ తెలుపు పడితే చెమ్మ, నాలుగూ నలుపైతే అష్ట, రెండిటికీ ఇంకో పందెం. ఆ బద్దలు బండమీద ఆమె స్వయంగా అరగదీసినవి. వేసిన ప్రతిసారీ ఆమెకు అష్టో చెమ్మో పడుతోంది. కంప్యూటరునైతే మొహంమీదే మోసమనగలను. అత్తమ్మను ఎట్లా అనను? అయినా ఒక తగాదా తీశాను. మా ఇంట్లో అవతలి కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్లలోకి పోనీయరు, ఆమె పోతోంది. నియమం, సంప్రదాయం, మా తాత ఆడిన తీరు, అన్నీ వరుసగా చెప్పాను.

ఆమె గింజలు గుప్పిట్లో ఆడిస్తూ, "అయిందా అల్లుడా?" అంది. అయిందన్నాను.

"ఇప్పుడు ఆడేది ఎవరింట్ల?"

కాయ లోపలికి పోయింది. మా ఇంటామెకు ఆ విద్య ఎక్కడ నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

సరే, తొమ్మిదిన్నర కావస్తోంది, జట్టు ఎదురుచూస్తుంటుంది. మీతో ఒక మనవి. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది దాకా దయచేసి నాకు ఫోన్ చేయకండి. ఈ సంగతి మా బావమరిదికి నేరుగా చెప్పే ధైర్యం నాకు లేదు, వాళ్లక్క ఊకోదు. మీలో ఎవరైనా కల్వకుర్తి వాళ్లుంటే ఈ పేజీ వాడికి కనపడేటట్టు చూడండి.